బాబు పుట్టాక నా సంగతి

తొట్టెల ఫంక్షన్ ఫొటోలన్నింటిలో నవ్వుతూనే ఉన్నాను. అసలు సంగతి వేరు. మిర్యాలగూడలో మా తల్లిగారింట్లో, బాబు పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. తడి బట్టలు చేతిలో పట్టుకుని, ఆరేయాలని కూడా తోచక దండెం దగ్గరే నిలబడిపోయేదాన్ని. నేను లేకపోతేనే వీడు బాగుంటాడేమో అనిపించేది.

అమ్మ దిష్టి తీసింది. అత్తమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కింది. మా ఆయనేమో "ఇంత మంచిగ చూసుకుంటున్నం గద, ఇంకేం బాధ?" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ కోపమే.

టీకా రోజు ఆశా అక్క బాబు బరువు రాసుకుని, "నువ్వెట్లున్నవ్ బిడ్డా?" అంది. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. అక్కడే ఏడ్చేశాను. ఆమే మనసు బాగాలేనివాళ్ల కోసం ఉన్న సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ కలిపింది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు.

తర్వాత డాక్టరమ్మ 10 ప్రశ్నల కాగితం నింపించి, థైరాయిడ్ టెస్ట్ కూడా రాసింది. కాన్పయ్యాక ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయట, 2 వారాల్లో వాటంతటవే తగ్గుతాయట. తగ్గకపోతే డిప్రెషన్ కావచ్చు, చూపించుకోవాలి. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అనిపిస్తే, చెవిలో మాటలు వినిపిస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. పాలిచ్చేవాళ్లకూ సరిపడే మందులున్నాయి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

నేనింకా వాడుతున్నాను. రాత్రి బాబు లేస్తే ఎత్తుకునే డ్యూటీ ఇప్పుడు మా ఆయనది.