రెండు మామిడి చెట్ల నడుమ గట్టు

మారేడుమిల్లి అడవి అంచున మేము దిగిన బస వెనుక రెండు మామిడి చెట్లు ఉన్నాయి. రెండింటి మీదా ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలే ఉండటంతో, అవన్నీ ఒకే కుటుంబమని మొదటి రోజు అనుకున్నాను. కొమ్మలు కలిసే చోట జానెడు మేర ఒక్క చీమా తిరగడం లేదని మరునాడు గమనించాక గానీ, అది రెండు రాజ్యాల మధ్య గట్టు అని తట్టలేదు.

వీటి శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరగ్డినా. ఒక రాణి సంతతి లక్షల సంఖ్యకు పెరిగి, అనేక చెట్లను ఆక్రమించుకోగలదు. ఒంటి వాసన వేరైతే చాలు, సొంత జాతి చీమ కూడా వీటికి పగదే. ఆ ఉదయం గాలికి ఊగిన రెమ్మ మీదుగా ఒక చీమ ఇవతలికి వచ్చి పడింది. అది రెండడుగులు వేసే లోపే నాలుగు చీమలు తలా ఒక కాలు పట్టుకుని నాలుగు వైపులకు లాగి, దానిని బెరడు మీద చాపేశాయి. ఐదోది పొట్ట చివర వంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్మింది. ఇరవై నిమిషాల తరువాత చూసినా ఆ నాలుగూ పట్టు వదల్లేదు.

చీమల మీద పరిశోధించిన శాస్త్రవేత్తలు బెర్ట్ హోల్డాబ్లర్, ఎడ్వర్డ్ విల్సన్ 1970లలో ఆఫ్రికాలోని దగ్గరి జాతిని పరిశీలించి, ఈ చీమలు తమ మలద్రవపు చుక్కలతో నేలనూ కొమ్మలనూ గుర్తు పెట్టుకుంటాయనీ, ఆ గుర్తులున్న చోట పోరు జరిగితే అక్కడి చీమలకే తొలుత పైచేయి ఉంటుందనీ తేల్చారు. సర్వే రాళ్లు పాతుకున్నంత పనే ఇది. నన్ను మరింత ఆశ్చర్యపరిచింది కాపలా ఏర్పాటు. పొలిమేరలోని గూళ్లలో పిల్లలు ఉండవు, ముసలి శ్రామిక చీమలే ఉంటాయి. పడుచు చీమలు లోపలి గూళ్లలో పిల్లల్ని సాకుతుంటే, ఎలాగూ ఎక్కువ రోజులు బతకని ముసలివి ముందు వరుసలో నిలబడతాయి. వాటిని పోగొట్టుకున్నా కుటుంబానికి జరిగే నష్టం తక్కువే.

వేరే జాతులతో పేచీ ఇంకో తీరు. హృదయాకారపు పొట్టను తల మీదికి ఎత్తుకుని తిరిగే క్రెమటోగాస్టర్ చీమలు కూడా చెట్లను ఏలేవే కనుక, ఈ రెండు జాతులూ ఒకే చెట్టును పంచుకోవడం అరుదు. ఘనా కోకో తోటల్లో కీటక శాస్త్రవేత్త డెనిస్ లెస్టన్ ఇలాంటి పంపకాన్ని పరిశీలించి, గచ్చు మీద రంగురాళ్లు పొదిగినట్టు చెట్లన్నీ చీమల వాటాలుగా విడిపోయి ఉంటాయని వివరించాడు. పిరికి జాతులు, రాత్రిపూట తిరిగేవి ఆ సందుల్లో బతుకు వెళ్లదీస్తాయి.

ఉత్తర ఆస్ట్రేలియాలో మామిడి పురుగుల మీదికి ఈ చీమలనే ఉసిగొల్పే తోటల్లో, వేర్వేరు కుటుంబాల చెట్ల కొమ్మలు తగలకుండా కత్తిరిస్తారు. వాటిలో అవే కొట్టుకు చస్తే పురుగులను పట్టే చీమలు మిగలవు కదా.

ఇంత తెలిసీ మేము చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. మూడో రోజు బట్టలు ఆరేయడానికి ఆ రెండు చెట్ల మధ్య తాడు కట్టాం. సాయంత్రానికి ఇరువైపుల నుంచీ వచ్చిన చీమలు తాడు నడిమిన కోరలు తెరిచి ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. మా తువ్వాలు సరిగ్గా వాటి మధ్యన వేలాడుతోంది. కర్రతో దానిని లాక్కుని, తాడు విప్పేశాం.