స్పర్శ లేని పాదాల్లో మంట

నా అరికాలికి వాత పెట్టినా నాకు తెలియదు. మాటవరసకు అంటున్నది కాదు, దాదాపు అలాంటిదే జరిగింది, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. అదే అరికాలు ఎవరూ ముట్టుకోకుండానే, దుప్పటి కూడా తగలకుండానే, రాత్రి పది దాటేసరికి నిప్పుల మీద పెట్టినట్టు కాలుతుంది. గుచ్చితే తెలియని చోట ఇంత నొప్పి ఎలా వస్తుంది? కొన్నేళ్లుగా నేను చదివింది, నోటుబుక్కులో రాసుకున్నది, డాక్టర్లను విసిగించింది అంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

మాది చిత్తూరు పక్కన పల్లె. గవర్నమెంటు హైస్కూల్లో బయాలజీ చెబుతాను. వేసవి సెలవుల్లో మిద్దె మీద వడియాలు పెడుతూ వెనక్కి అడుగేశాను. మా పాత మిద్దెకు పిట్టగోడ లేదు. కింద బండలు. వీపు భాగంలో ఉండే పన్నెండు పూసల్లో పదకొండోది నుజ్జయింది. రాడ్లు, స్క్రూలు వేశారు. బొడ్డు కింద నుంచి కదలిక లేదు, స్పర్శా లేదు. డిశ్చార్జి కాగితంలో ‘ఏ’ గ్రేడు అని రాశారు. మామూలుగా ఏ గ్రేడు వస్తే సంతోషించేదాన్ని. వెన్నుపాము దెబ్బల్లో ఏ అంటే అన్నిటికన్నా తీవ్రమైనది, మలద్వారం దగ్గర కూడా స్పర్శ మిగలలేదని అర్థం.

ఆపరేషన్ నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోయింది. తర్వాత కొన్ని నెలలు కాళ్లు రెండూ వేరే ఎవరివో అన్నట్టు ఉండేవి. వీల్‌చైర్‌లోకి ఎక్కడం దిగడం నేర్చుకున్నాను. నాలుగైదు గంటలకోసారి పైపు వేసుకుని మూత్రం తీసుకోవడం నేర్చుకున్నాను. ఇక ఇంతే అనుకున్న సమయంలో మంట మొదలైంది. ముందు ఎడమ అరికాలు, తర్వాత కుడి. మధ్యమధ్య తొడల్లో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వున ఒక పోటు.

చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ సంతోషించారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంటకన్నా ఆ సంతోషమే ఎక్కువ బాధ అనిపిస్తుంది. ‘నొప్పి తెలుస్తా ఉందంటే నరాలు లేస్తా ఉండాయి పాపా, బయపడొద్దు’ అంది మా పిన్నమ్మ. పట్నంలో చూపించుకున్న ఒక డాక్టరు గారు కూడా ‘గుడ్ సైన్ అమ్మా’ అని నొప్పి మాత్రలు, విటమిన్ ఇంజెక్షన్లు రాసిచ్చారు. ఇక మా ఆయన రోజూ పొద్దున్నే కాఫీ ఇచ్చే ముందు నా బొటనవేలు నొక్కి ‘ఏమన్నా తెలుస్తోందా?’ అని అడిగేవారు. ఆ ముఖం చూసి లేదని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ‘కొంచెం ఏదో...’ అని నసిగేదాన్ని. మామగారు పుత్తూరు కట్టు వేయిద్దామన్నారు. మా వైపు ఎముక విరిగిందంటే ఆస్పత్రికన్నా ముందు గుర్తొచ్చేది పుత్తూరే మరి. అది ఎముకకు వేసే కట్టు మామా, లోపలి వెన్నుపాముకు ఏం చేస్తుంది అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ చలికాలంలోనే ఆ సంగతి జరిగింది. మంటకు కాపడం పెడితే హాయిగా ఉంటుందని అత్త ప్రేమకొద్దీ వేడినీళ్ల బ్యాగు నా కుడి మడమ కింద పెట్టింది. టవలు చుట్టే పెట్టింది పాపం. నేను పుస్తకం చదువుకుంటూ ఉండిపోయాను. కాసేపటికి దుప్పటి తీస్తే మడమ మీద రూపాయి బిళ్లంత రెండు బొబ్బలు. చర్మం కింద నీరు మెరుస్తోంది. అత్త ఏడుపు అందుకుంది. నేను మాత్రం ఆ బొబ్బల్ని వేలితో మెల్లగా తాకి చూస్తూ ఉండిపోయాను, ఏమీ లేదు. ఆ రాత్రి ఎప్పటిలాగే మంట లేచింది. లేచింది ఎడమ అరికాల్లో. నిజంగా కాలిన కుడి మడమ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఎడమ అరికాలు ఏ గాయమూ లేకుండా నున్నగా ఉంది, మండుతున్నది అదే.

బయాలజీ టీచర్ని. పదో తరగతికి ‘నియంత్రణ, సమన్వయం’ పాఠం చెప్పేటప్పుడు జ్ఞాననాడి నుంచి వెన్నుపాముకు, వెన్నుపాము నుంచి మెదడుకు బాణాలు గీసి చూపిస్తాను. ఆ బాణం తెగిపోయింది కాబట్టే నిజమైన కాలిన గాయం నాకు చేరలేదు. మరి ఈ మంట ఏ బాణం మీద వస్తోంది? కింద నుంచి రావడానికి దారే లేదు. అంటే పుడుతున్నది పైనే. నరాలు లేవడం లేదని నాకు ఆ రాత్రే అర్థమైంది. మా ఆయనకు చెప్పడానికి ఇంకో వారం పట్టింది. మర్నాటి నుంచి ఆయన బొటనవేలు నొక్కడం మానేశారు. ఆ విషయం మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

మా అన్న కూతురు కర్నూల్లో హౌస్ సర్జన్సీ చేస్తోంది. దానికి ఫోన్ చేసి చెబితే, ‘అత్తా, నువ్వు చెప్పింది కొత్తేం కాదు, చదువు’ అని పీడీఎఫ్‌లు పంపడం మొదలుపెట్టింది. మొదటిది 1978 నాటి వ్యాసం. రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త, జాన్ లోజర్ అనే అమెరికా న్యూరో సర్జన్ కలిసి రాసింది. వెన్నుపాము పూర్తిగా తెగిన వాళ్లలో, నొప్పి పోవడానికి వెన్నుపాములో ఒక ముక్కనే కోసి తీసేసినా కూడా, కాళ్లలో నొప్పి కొనసాగిన కేసులు అందులో ఉన్నాయి. చేయి తెగిన మనిషికి లేని చేతిలో నొప్పి వచ్చినట్టే ఇది కూడా అని వాళ్ల వాదన. కింద నుంచి కబుర్లు ఆగిపోయిన నాడీకణాలు ఊరుకోవు, తమంతట తామే సంకేతాలు పుట్టిస్తాయి. మెదడు వాటిని పాత చిరునామాకే రాసుకుంటుంది, నా విషయంలో ఎడమ అరికాలికి.

తర్వాతి కాలంలో వచ్చిన పరిశోధనలు ఇంకాస్త లోపలికి వెళ్లాయి. దెబ్బ తగిలిన చోటికి పైనున్న నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. ఉద్రేకాన్ని అణచే గాబా వ్యవస్థ బలహీనపడుతుంది. నాడులకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి, ఆ రెచ్చిపోవడం మానవు. ఎదిగిన ఎలుకల నాడీకణాల్లో మామూలుగా పెద్దగా కనిపించని ఒక రకం సోడియం ఛానెల్ (కణంలోకి సోడియం వెళ్లే ద్వారం) వెన్నుపాము దెబ్బ తర్వాత మళ్లీ పుట్టుకొచ్చినట్టు చూశారు. మెదడులో నొప్పి కబుర్లన్నీ చేరే థాలమస్‌లో కూడా మార్పులు వస్తాయి. అర్థం కాని పేరాలు మూడునాలుగు సార్లు చదివేదాన్ని. నిద్ర పట్టని రాత్రులకు కొదవ లేదు కదా.

నన్ను అన్నిటికన్నా కుదుటపరిచింది మాత్రం ఒక అంకె. ఎన్నో అధ్యయనాలు కలిపి 2017లో వేసిన లెక్కలో, వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్లలో సుమారు 53 శాతం మందికి నరాల నొప్పి ఉంది. సగానికి పైగా! ఆస్ట్రేలియాలో ఫిలిప్ సిడాల్ బృందం రోగులను ఐదేళ్ల పాటు వెంటాడి 2003లో రాసిన దాంట్లో, దెబ్బ స్థాయికి బాగా కింద వచ్చే ఈ నొప్పి చాలామందికి వెంటనే రాదనీ, నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది దాటాక మొదలవుతుందనీ ఉంది. నాకూ అచ్చం అలాగే జరిగింది. సగం మందికి వచ్చేదాన్ని డిశ్చార్జి రోజున ఒక్క మాట చెప్పి పంపితే వాళ్ల సొమ్మేం పోయింది? ‘కొన్ని నెలల తర్వాత మంటలు రావచ్చు, వస్తే కాళ్లు బాగవుతున్నాయనుకోకండి, మా దగ్గరికి రండి.’ ఇంతే. ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే మా ఇంట్లో అన్ని నెలల ఉత్తుత్తి ఆశ ఉండేది కాదు.

రాయవేలూరు మాకు గంట ప్రయాణం. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) పునరావాస కేంద్రానికి ఒక చరిత్ర ఉంది. మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయి, వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదివొచ్చింది. 1966లో మొదలైన ఆ కేంద్రం ఆమె చలవే. కుర్చీలో ఉన్న మనిషి కట్టిన చోటు అని తెలిశాక లోపలికి వెళ్లేటప్పుడు నాకు బెరుకు తగ్గింది.

అక్కడ చూసిన డాక్టరు నా నొప్పిని మూడు ముక్కలు చేశారు. నేను అప్పటిదాకా అన్నిటినీ కలిపి ‘నొప్పులు’ అని చెప్పేదాన్ని. భుజాల నొప్పి వేరు, అది చేతుల మీద బరువంతా మోసి కుర్చీలోకి ఎక్కడం వల్ల వచ్చింది, కండరాలది. నడుము చుట్టూ బెల్టు బిగించినట్టు ఉండేది వేరు, అది దెబ్బ తగిలిన స్థాయిలోనే పుట్టే నరాల నొప్పి. అరికాళ్ల మంట వేరు, అది దెబ్బకు కింద స్థాయిలో తెలిసే నరాల నొప్పి. మూడింటికీ మందులు ఒకటి కావు. నేను మింగిన నొప్పి మాత్రలు భుజాలకు తప్ప మిగతా వాటికి ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. విటమిన్ ఇంజెక్షన్ల మాట అడిగితే, ఒంట్లో బి12 లోపం ఉంటే సరే, లేకపోతే ఈ మంటకు దాంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదన్నారు. మన వైపు ఏ నరం జబ్బుకైనా ముందు అదే పొడుస్తారు.

ఇంటికి వచ్చాక రోజూ రాత్రి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకోవడం మొదలుపెట్టాను. పక్కన ఆ రోజు సంగతులు. నోటుబుక్కు నిండుతున్నకొద్దీ కొన్ని బయటపడ్డాయి. విరేచనం సాఫీగా కాని రోజు మంట ఒకటి రెండు పైకి పోతుంది. ముసురు పట్టిన రోజుల్లో అంతే. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం కన్నా ముందు మంట పెరుగుతుంది. ఒకసారి ఎనిమిది వేసుకుని, మర్నాడే మూత్రం టెస్టుకు ఇచ్చాను, ఇన్ఫెక్షనే. కిందినుంచి నేరుగా కబురు రాదు గానీ, ఏదో దొడ్డిదారిన కొంత చేరుతూనే ఉంటుంది కాబోలు. ఎవరైనా వచ్చి కబుర్లు చెప్పిన సాయంత్రాలు అంకె తగ్గేది. అది చూసి మా ఆడపడుచు ‘అయితే అంతా మనసులోనే అన్నమాట వదినా’ అంది. మంట పుట్టేది మెదడులో కాబట్టి మెదడు వేరే పనిలో పడితే తగ్గుతుంది, అంతమాత్రాన అబద్ధం అయిపోదు అని చెప్పాను. అర్థమైందో లేదో తెలియదు, మళ్లీ ఆ మాట అనలేదు.

మందుల దగ్గరికి వస్తే, నాకు ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. నాడుల చివర్లలో క్యాల్షియం ఛానెళ్లకు అంటుకుని, నొప్పి కబురు మోసే రసాయనాల విడుదలను తగ్గించే మందు ఇది. సిడాల్ బృందమే 137 మంది మీద దీన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. పన్నెండు వారాల్లో మందు తీసుకున్నవాళ్ల సగటు నొప్పి పదికి 6.5 నుంచి 4.6కు దిగింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లది 6.7 నుంచి 6.3కు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెన్నుపాము దెబ్బ నొప్పికి ఈ మందును ఆమోదించింది. ఇదంతా చదివి నేను ఎగిరి గంతేయలేదు (వేసే అవకాశమూ లేదనుకోండి). ఆరున్నర నాలుగున్నర అవడం అంటే మంట పోవడం కాదు. నరాల నొప్పులన్నిటి మీదా 2015లో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం, ఈ మందు ఎనిమిది మందికి ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఒకరికి అదనంగా నొప్పి సగానికి తగ్గుతుంది. మిగతావాళ్లలో చాలామందికి అంతకన్నా తక్కువ, కొందరికి ఏమీ ఉండదు. ముప్పై శాతం తగ్గితే దాన్ని పనికొచ్చే తగ్గుదలగా లెక్కేస్తారు పరిశోధకులు. మొదట చదివినప్పుడు ఇదేం దిక్కుమాలిన లెక్క అనుకున్నాను. నా ఏడు ఐదుకు దిగిన వారంలో మధ్యలో లేవకుండా నాలుగు గంటలు నిద్రపోయాను. ఆ తర్వాత ఆ లెక్కను ఏమీ అనలేదు.

ఊరికే రాలేదు ఆ నిద్ర. పాదాలు వాచాయి, బరువు పెరిగాను, పొద్దున్నే కళ్లు మూతలు పడేవి. దీనికి తోడు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు చేర్చారు. మంట ఇంకాస్త తగ్గింది, నోరు ఎండిపోయి మలబద్ధకం పెరిగింది. మలబద్ధకం పెరిగితే మంట పెరుగుతుందని ముందే చెప్పాను కదా. ఆ గుండ్రం తిరగలేక దాన్ని డాక్టరుకు చెప్పి మానేశాను. ఈ మందులు ఏవైనా మనంతట మనం ఉన్నట్టుండి ఆపకూడదు, మెల్లగా దించుకురావాలి.

అద్దం సంగతి కూడా చెప్పాలి. లోరిమర్ మోస్లీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 2007లో, నడుము కింద చచ్చుబడిన ఐదుగురిని అద్దం ముందు కూర్చోబెట్టి, అద్దంలో పై సగం వాళ్లది, కింద నడుస్తున్న వేరే కాళ్ల వీడియో కనబడేలా చేశాడు. తామే నడుస్తున్నట్టు అనిపించి నొప్పి తగ్గింది. ఐదుగురే కాబట్టి దాన్ని పట్టుకుని ఊరేగలేం. అయినా బీరువా అద్దం, మా అమ్మాయి నడుస్తున్న వీడియో పెట్టిన టీవీ, నేను. ఆ ఏర్పాటులో నా పైభాగం కుదరడానికే గంట పట్టింది. కుదిరాక చూస్తే పట్టీలు వేసుకున్న పదహారేళ్ల కాళ్ల మీద నా నలభై ఏళ్ల ముఖం! ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆ సాయంత్రం అంకె మూడు. అద్దం వల్లో నవ్వు వల్లో చెప్పలేను కాబట్టి నోటుబుక్కులో రెండూ రాశాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను ప్రభుత్వ ఉద్యోగం నుంచి తీసేయకూడదు. అది నాకు అండ. బడికి ర్యాంపు కట్టించడానికి మాత్రం కాగితాలు చాలా తిరిగాయి. పాఠం చెబుతున్నంతసేపూ మంట రెండు మూడు దగ్గర ఉంటుంది, బెల్లు కొట్టాక లేస్తుంది.

ఇప్పుడు నాకూ డాక్టరుకూ బేరం నడుస్తోంది. రాత్రి డోసు ఇంకొంచెం పెంచితే మంట నాలుగుకు రావచ్చు, పొద్దున మత్తు పెరుగుతుంది. నాది మొదటి పీరియడు. హెడ్మాస్టరు గారు వచ్చే నెల నుంచి మూడో పీరియడుకు మారుస్తానన్నారు. టైంటేబులు వచ్చాక డోసు సంగతి చూద్దామని డాక్టరుకు చెప్పాను. సరే అన్నారు.