థర్మామీటర్‌లో 96, ఒంట్లో మాత్రం జ్వరం

తిరుపతిలో మే నెల ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో నేను ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. ఒళ్లు నొప్పులు, కళ్ల మంట, నోరు చేదు, అచ్చం జ్వరమే. థర్మామీటర్ పెడితే మాత్రం 96.2, 96.4.

అమ్మ నుదురు తాకి, "లోపలి జ్వరం పాపా, మిరియాల కషాయం తాగు" అంది. మా ఆయనేమో "జ్వరం లేదు కదా, ఎందుకంత టెన్షన్?" అన్నారు. చూపించుకున్న క్లినిక్‌లో కూడా అదే మాట చెప్పి, బలానికి మాత్రలు రాసి పంపేశారు. అంకె పెరగకపోతే బాధ లేనట్టేనా? నాకు చాలా కష్టమనిపించింది.

అప్పటినుంచి పొద్దున, సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. చంకలో పెడితే నోట్లోకంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి నాలుక కిందే పెట్టేదాన్ని. కాఫీ, చల్లనీళ్లు తాగితే అరగంట ఆగేదాన్ని. పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం ఉన్నా అంకె దిగుతుంది కాబట్టి అదీ మానేశాను. అయినా 97 దాటలేదు. జుట్టు రాలడం, మలబద్ధకం, నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం, తిండి పెరగకున్నా బరువు పెరగడం, అన్నీ పక్కనే రాశాను.

భవానీ నగర్‌లో ఇంకో డాక్టరమ్మ ఆ నోట్‌బుక్ చివరిదాకా చదివారు. మెడ తడిమి చూసి, "థైరాయిడ్ మందగిస్తే ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుందమ్మా. చలి, నొప్పులు, నీరసం అందుకే" అన్నారు. నా మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడే. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్ టీఎస్‌హెచ్, పరీక్షలో అది 38 వచ్చింది. మామూలుగా 4, 5 లోపే ఉండాలి. హిమోగ్లోబిన్ మాత్రం తక్కువగా 9 దగ్గరే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లున్నారని చెబితే ఇంకో జాగ్రత్త చెప్పారు. వయసు మీదపడినవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరినా ఒక్కోసారి జ్వరం రాదట. 95 కంటే దిగినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఇంట్లో కూర్చోకుండా రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లమన్నారు.

థైరాయిడ్‌కు రాసిన థైరాక్సిన్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, గంట తర్వాతే కాఫీ తాగుతున్నాను. ఐరన్ మాత్రకు, దానికి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. నొప్పులు మెల్లగా తగ్గుతున్నాయి, నీరసం ఇంకా ఉంది. మొన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్ సగానికి దిగింది. మోతాదు కొంచెం పెంచి, ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు.