పదిహేను యాంపుల ఉగాది

కారవాన్ అని, పడకలూ పొయ్యీ బాత్రూమూ ఉండే బండికి అద్దె రోజుకు 18,000. ఈ మాట ముందు చెప్పేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు. డ్రైవరు బత్తా వేరు. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే ప్రతి కిలోమీటరుకూ లెక్క. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టాక్సు మనమే కట్టాలి. బెంగళూరు నుంచి అనంతపురం దాకా బండి ఖాళీగా వచ్చిన దూరం కూడా మన ఖాతాలోనే. మేం పదిహేడు మందిమి ఆర్టీసీ బస్సులో కడపకు వెళ్లి వచ్చినా అందులో సగం కాదు. టీచరు ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఈ రోడ్ల మీద బస్సుల్లోనే తిరిగినదాన్ని, ఆ మాత్రం లెక్క నాకు రాదా?

ఒప్పుకున్నది అమ్మ కోసం. అమ్మకు 76. పెళ్లయిన ఏడాది, 1965 ఉగాదికి, ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి నాలుగు గూడు బండ్లలో అందరూ దేవుని కడపకు పోయారట. అది విశ్వావసు నామ సంవత్సరం. అరవై ఏళ్లు తిరిగి 2025లో మళ్లీ విశ్వావసు వచ్చింది. సంక్రాంతి నుంచే అమ్మ మొదలుపెట్టింది. "ఇంగో విశ్వావసు నాకు యాడొస్తాది? ఆ గడప ఒక్కసారి దాటొస్తా." తిరుమలకు తొలి గడప అని దేవుని కడపకు పేరు. వెనకటికి కొండకు పోయేవాళ్లు ముందు ఇక్కడి లక్ష్మీవేంకటేశ్వరుణ్ణి చూసుకునే పోయేవాళ్లు. గడపే కడప అయిందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు.

కానీ అమ్మకు నడుంనొప్పి. బస్సులో గంట కూర్చోలేదు. మా చెల్లెలి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు, వాడికి యూట్యూబులో కనిపించిన ప్రతిదీ అద్దెకు దొరుకుతుంది. "పెద్దమ్మా, కారవాన్ అని ఉంటాది. అవ్వ హాయిగా పడుకోని వస్తాది" అన్నాడు. అవ్వ పేరు చెప్పాక నేనేం మాట్లాడను? మొత్తానికి ముందు కారవాన్, వెనక టెంపో ట్రావెలర్, ఆ వెనక మా అన్న కారు. పెళ్లివారిలా తయారయ్యాం.

బయల్దేరే రోజు ఇంకో తలనొప్పి. ఉగాది మార్చి 30, ఆదివారం. ముందు రోజు కొత్త అమావాస్య. అమావాస్య నాడు ప్రయాణమే అమ్మకు పడదు, పైగా శనివారం. పైగా గ్రహణం, మన దేశంలో కనిపించకపోయినా ఉందంటే ఉన్నట్టే. పైగా ఆరు గ్రహాలు మీనరాశిలో చేరుతున్నాయని టీవీల్లో వారం నుంచి ఒకటే గోల. చివరికి దారి కూడా అమ్మే కనిపెట్టింది. గురువారం పొద్దున తన చేతిసంచి తీసుకుపోయి ఎదురింట్లో పెట్టొచ్చింది. ప్రస్థానం అయిపోయింది కాబట్టి ప్రయాణం గురువారమే మొదలైనట్టు లెక్క. శనివారం మేం చేసేది ఆగిన ప్రయాణాన్ని సాగించడం మాత్రమే! గ్రహాలు దీనికి ఒప్పుకున్నాయో లేదో గానీ అమ్మ ఒప్పుకుంది.

బండి ఎక్కగానే డ్రైవరు కన్నడం కలిసిన తెలుగులో నియమాలు చెప్పాడు. చెప్పులతో ఎక్కకూడదు. బాత్రూము మరీ తప్పకపోతేనే, అదీ ఒకటికే. షవర్ ఉంది, వాడితే సాయంత్రానికి ట్యాంకు ఖాళీ. ఇండక్షన్ పొయ్యి ఉంది, నూనె కాచకూడదు. ఏసీ ఉంది, బండి ఆగినప్పుడు అది నడవాలంటే బయటి కరెంటు ఇవ్వాలి, 15 యాంపుల ప్లగ్గుండాలి.

"ఇంట్లో ఉన్నట్టే ఉంటుందన్నావు కదరా?" అని మావాణ్ని అడిగాను.

"అద్దె ఇల్లు పెద్దమ్మా" అన్నాడు.

తాడిపత్రి దాకా చెప్పుకునేంతగా ఏం జరగలేదు. బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూసిపోదామంటే టైము లేదన్నారు. పెన్న ఒడ్డున ఆ గోపురాల మీద చెక్కడాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు నాకు. ఆ కోపం ఇంకా ఉంది. రోడ్డు పక్కన నాపరాళ్ల దొంతరలు, పాలిషు మిల్లుల తెల్లటి బురద, మామూలే.

కొండాపురం దాటాక భోజనానికి ఆగాం. పులిహోర కలిపి తెచ్చాం, తిరవాత మాత్రం అప్పటికప్పుడు వేస్తే ఘుమఘుమలాడుతుందని మా వదిన పట్టు. డ్రైవరు మూత్రానికి దిగిన సందు చూసి ఇండక్షన్ మీద నూనె పెట్టింది. ఆవాలు చిటపటమనే దాకా బాగానే ఉంది. ఎండుమిరపకాయలు పడ్డాయో లేదో బండి మొత్తం కీ... అని అరవడం మొదలుపెట్టింది. పొగ పసిగట్టే యంత్రం ఒకటి పైన ఉందట. దాన్ని ఎలా ఆపాలో మాకు తెలియదు, తెలిసినవాడు తుమ్మచెట్ల వెనక ఉన్నాడు. పిల్లలు చెవులు మూసుకుని దూకారు. బైకు మీద పోతున్న ఒకాయన ఆగి, "ఎవురికేమైందన్నా?" అని పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు అనుకున్నాడు పాపం. విషయం తెలిశాక పులిహోర తినే వెళ్లాడు. ఎర్రగుంట్లలో టీ తాగుతుంటే ఇంకొకాయన కంటి పరీక్షల బండి అనుకుని తలుపు దగ్గర నిలబడి, "చీటీ యాడిస్తారు?" అని అడిగాడు.

అమ్మ మాత్రం కిటికీ పక్క బెర్తు మీద పడుకుని దారి పొడవునా పాత బండిని చెబుతూనే వచ్చింది. వరిగడ్డి మీద బొంత పరిచేవాళ్లట. ఇరుసుకు లాంతరు కట్టేవాళ్లట, అది ఊగుతుంటే ఎద్దుల కాళ్ల నీడలు రోడ్డంతా పెద్దవై కనిపించేవట. కందెన వాసనకు కొత్త పెళ్లికూతురు, అంటే తానే, వాంతి చేసుకుంటే అందరూ వేరే అర్థం తీసి నవ్వారట. కమలాపురం దగ్గర పాపఘ్ని ఇసుకలో చెలమ తోడుకుని, మూడు రాళ్లు పెట్టి సంగటి వండుకున్నారట. "అప్పుడు తిరవాతేస్తే అరిసే బండ్లు లేవులే" అని మా వదినకు ఒక చురక కూడా వేసింది.

కడప చేరేసరికి చీకటి పడుతోంది. అసలు కథ అక్కడ మొదలైంది. బండి ఎత్తు పదకొండు అడుగులు. దేవుని కడప వైపు సందుల్లో కేబుల్ వైర్లు, పండగ సీరియల్ బల్బులు, ఫ్లెక్సీలు అన్నీ పదడుగులకే ఉన్నాయి. మా అన్న ముందు నడుస్తూ కర్రతో వైర్లు పైకెత్తడం, డ్రైవరు అంగుళం అంగుళం కదలడం. ఒక వేపకొమ్మ పైకప్పును గీరుతూ పూతంతా రాల్చింది. పచ్చడికి పనికొస్తుందని మా చెల్లెలు ఆ పూత ఏరుకుంది, అది వేరే సంగతి. గుడి దగ్గరికి ఇంత పెద్ద బండిని వదిలేది లేదని పోలీసులు చెప్పేశారు. ఒక లాడ్జిలో అడిగితే ఆవరణలో నిలపడానికి వెయ్యి, కరెంటుకు ఇంకో వెయ్యి అన్నారు. అప్పటికే లోపల ఉక్క. బ్యాటరీ అయిపోవస్తోందని డ్రైవరు పది నిమిషాలకోసారి గుర్తుచేస్తున్నాడు.

ఖాళీ జాగా ఒకటి దొరికింది. దాని పక్కనే పిండి మిషను. లోపల నలభై ఏళ్ల మనిషి చీపురుతో ఊడుస్తున్నాడు. తల మీద, చొక్కా మీద సరే, కనురెప్పల వెంట్రుకల మీద కూడా పిండి పేరుకుపోయి ఉంది. రెప్ప వేసినప్పుడల్లా కొంచెం రాలుతోంది. మావాడు యాంపుల సంగతంతా వివరించాడు. ఆయన బయటికొచ్చి బండిని చుట్టూ తిరిగి చూసి, "పది హెచ్‌పీ మోటరు లాగే చోట మీ ఏసీ ఒక లెక్కా? తగిలిచ్చుకోండి" అన్నాడు. డబ్బు సంగతి అడిగితే సుద్దముక్క తీసుకుని మీటరు రీడింగు తలుపు మీద రాశాడు. "పోయేటప్పుడు చూసుకుందాం. ఎంతైతే అంత ఇయ్యండి." నాకు ఆ పద్ధతి నచ్చింది. ఊరికే వద్దు అనేవాళ్ల దగ్గర మొహమాటం, లాడ్జివాళ్ల దగ్గర మంట. ఇది మనిషి లెక్క.

రాత్రి ఏసీలో చల్లగా పడుకోవాల్సిన అమ్మ, బెర్తు ఇరుకుగా ఉందని దిగి మిషను ముందు నులక మంచం మీద పడుకుంది. మా 18,000 బెర్తు మీద మా అన్న గురక పెట్టాడు.

మూడున్నరకు మెలకువ వచ్చింది. రంజాన్ నెల చివరి రోజులు కదా, మిషను వాళ్లింట్లో లైట్లు, గిన్నెల చప్పుడు, మసీదు మైకు. చూస్తే అమ్మ మంచం మీద కూర్చుని పిండి మిషనాయన తల్లితో మాట్లాడుతోంది. ఇద్దరిలో ఎవరు పెద్ద అన్న పంచాయితీ. నువ్వే అక్క అని ఈమె, కాదు నువ్వే అని ఆమె. ఆమెకు పుట్టిన సంవత్సరం తెలియదు, అమ్మకు తెలిసినా చెప్పదు. ఆమె పక్కన ఒక గుడ్డసంచి. బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం, టెంకాయ. భత్యం అట. ఉగాది నాడు స్వామికి ఇస్తారు. బీబీ నాంచారమ్మ ఢిల్లీ పాదుషా బిడ్డ, తమ ఇంటి ఆడబిడ్డ, ఆమెను చేసుకున్నాడు కాబట్టి వెంకటేశ్వరుడు తమకు అల్లుడు అని కథ. కడపలో ముస్లింలు ఉగాదికి గుడికి వస్తారని నేను పేపర్లో ఏటా చదువుతున్నదే. అది చదవడం వేరు, తెల్లవారుజామున ఒక ముసలామె, "అల్లునికి చింతపండు కొత్తది పెట్టినా, పోయినేటిది నల్లబడింది" అని సంచి ముడి విప్పి చూపించడం వేరు.

ఇద్దరూ కలిసే వెళ్లారు, నేను వెనక. క్యూలో బుర్ఖాల ఆడవాళ్లు, టోపీల మగవాళ్లు, చేతుల్లో టెంకాయలు, చంకల్లో నిద్రమొహాల పిల్లలు. వింతగా చూస్తున్నది నాలాంటి బయటి ఊరివాళ్లమే, కడప వాళ్లెవరూ కాదు. వరుసలో ముందుకు తోసుకొచ్చిన ఒకాయనకు ఇద్దరు ముసలాళ్లూ కలిసి చీవాట్లు పెట్టారు. గర్భగుడి ముందు అమ్మ ఏడ్చింది. అరవై ఏళ్ల కిందట పక్కన ఉన్నవాళ్లు ఒక్కరూ ఇప్పుడు లేరు, ఏడవకేం చేస్తుంది? పూజారి శఠారి పెట్టి తీర్థం ఇచ్చాడు. పిండి మిషనాయన తల్లి తీర్థాన్ని కళ్లకద్దుకుని తలకు రాసుకుంది, నోట్లో పోసుకోలేదు. ప్రసాదం కొంగున ముడి వేసింది.

"ఒక్కపొద్దు గదా అక్కా" అంది అమ్మతో. "సాయంత్రం తింటా."

అమ్మకు బీపీ మాత్ర వేసుకోవాలి. కాసేపు చేతిలో ప్రసాదం పట్టుకుని నిలబడి, "నేనుండలేనమ్మా" అని, అటు తిరిగి గబగబా తినేసింది.

మధ్యాహ్నం గురించి రాయడానికేం లేదు, కడప ఎండ తెలిసినవాళ్లకు తెలుసు. ఓళిగలు ఇండక్షన్ మీద కాలక, పిండి మిషను వాళ్లింటి పెనం మీద కాల్చాం. మా వైపు ఓళిగలు, కర్నూలు వాళ్లు బక్షాలంటారు, ఏదైనా అదే బెల్లం పూర్ణం. ఉగాదని ఆ పూట వాళ్లింట్లో నీసు వండలేదు. రెండు గంటలు కరెంటు పోయింది. అప్పుడు ఆ కదిలే ఇల్లు ఇనప్పెట్టె అయిపోయి, పదిహేడు మందిమీ మిషను పంచలో, పిండి బస్తాల మీద విసనకర్రలతో కూర్చున్నాం.

సాయంత్రం ఆరు దాటాక ఆ వీధి పిల్లలందరికీ ఒకటే ఆత్రం, నెలవంక కనిపిస్తే తెల్లారి పండగ. మేడల మీదికి ఎక్కారు గానీ ఎదురుగా ఇంకా ఎత్తు మేడలు. ఒకడి కళ్లు కారవాన్ వెనక ఉన్న ఇనుప నిచ్చెన మీద పడ్డాయి. డ్రైవరు "సోలార్, సోలార్" అని అరిచేలోపు ఏడుగురు పైన ఉన్నారు, అందులో ముగ్గురు మావాళ్లే. లోపల పిండి మిషనాయన తల్లి ఒక్కపొద్దు విడిచి, కొంగు ముడి విప్పడానికి తంటాలు పడుతోంది. పొద్దున్నుంచీ బిగుసుకుపోయిందేమో, చివరికి పంటితో లాగింది. ఉండ చితికి పొడి అయిపోయింది. చిటికెడు అమ్మ చేతిలో పెట్టింది.

"కనపడ్యా!" అని పైనుంచి అరుపు. అమ్మ చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని వెతికింది. మధ్యాహ్నమే పాడ్యమి వెళ్లి విదియ వచ్చేసిందని పొద్దున పంచాంగంలో చూసుకుంది కాబట్టి ఆమెకు అనుమానం లేదు. వాళ్ల నెలవంక, మా విదియ చంద్రుడు, గోరంత గీత. నాకు కళ్లజోడు పెట్టుకున్నా ఆలస్యంగా దొరికింది.

ఎనిమిదికి బయల్దేరాం. తలుపు మీద సుద్దగీత, మీటరు అంకె. ముప్పై ఒక్క యూనిట్లు, పది చొప్పున 310. పది వదిలేసి 300 తీసుకున్నాడు.

మూడో రోజు బండి వాళ్ల నుంచి మెసేజ్ వచ్చింది. సోలార్ ప్యానెల్ అంచున గీతలు పడ్డాయట, డిపాజిట్‌లో 2,500 తగ్గించారట. వేపకొమ్మ పని అని డ్రైవరుకూ తెలుసు, మాకూ తెలుసు. రుజువుకని ఫొటో పెట్టారు. ఎంత పెద్దది చేసి చూసినా గీతలు నాకు కనిపించలేదు. ప్యానెల్ మూల మీద, ఐదు వేళ్లూ స్పష్టంగా, తెల్లటి పిండి పాదం ఒకటి ఉంది. మావాడు ఆ 2,500 కోసం ఇంకా ఫోన్లో వాదిస్తూనే ఉన్నాడు.