తెల్లమచ్చ

మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండేళ్ల కింద, పత్తి ఏరే రోజుల్లో, ఆశ వర్కర్ మూడుసార్లు ఇంటికొచ్చింది. "గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి చిన్న పరీక్షే అక్కా, రా." నాకు 39 ఏళ్లు, ఏ నొప్పీ లేదు. ఆమె పోరు పడలేకే పోయాను.

సిస్టర్ దూదితో ఏదో అద్దింది. చురుక్కుమంది. ఆ వాసన తెలుసు నాకు, నూడుల్స్ బండి మీది వెనిగర్ సీసాది. "ఒక్క నిమిషం కదలకు" అని గడియారం చూసుకుంది. తర్వాత లైటు పట్టి చూసి, "తెల్లమచ్చ ఉందమ్మా, నల్లగొండ పో" అంది.

ఇంటికొచ్చేసరికి ఊరంతా డాక్టర్లే. "గర్భసంచి తీయించెయ్, పీడ పోతది" అన్నాడు ఆర్‌ఎంపీ. అత్తమ్మదీ అదే మాట. 32 ఏళ్లకే తీయించుకున్న మా వదిన మాత్రం, "తొందరపడకు" అని నా చెయ్యి వదల్లేదు.

నల్లగొండలో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. తెల్లబడిందంటే క్యాన్సర్ అని కాదు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా తెల్లబడొచ్చు. అందుకే ముక్క తీసి చూడాలి. హెచ్‌పీవీ పరీక్షయితే ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్‌నే పడుతుందట. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. అందులో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగం తగ్గాయి, వెనిగర్‌తో అంత తేడా రాలేదు. అదే ముంబై బస్తీల్లో రెండేళ్లకోసారి వెనిగర్ పరీక్ష చేస్తూ పోతే 31 శాతం తగ్గాయట.

నేనైతే వెనిగర్ వైపే. అంతకుముందు ఓసారి ప్రైవేటులో పాప్ స్మియర్ తీశారు, అంటే ముఖద్వారం దగ్గర కణాలు గీకి చూసే పరీక్ష. స్లైడు హైదరాబాద్ పోయింది. రిపోర్టు కోసం రెండుసార్లు బస్సెక్కాను, రాలేదన్నారు. మూడోసారి నేనే పోలేదు. ఇక్కడ బల్ల దిగకముందే జవాబు చెప్పారు.

ముక్క రిపోర్టులో క్యాన్సర్ కాకముందు దశ అని తేలింది. అక్కడి వరకే మత్తిచ్చి, కరెంటు తీగతో ఆ భాగం తీసేశారు. పావుగంట పని. మూడు వారాలు నల్లగా, నీళ్లలా అయింది. బిందె కూడా ఎత్తనివ్వలేదు మా ఆయన, పెళ్లయ్యాక మొదటిసారి! ఏడాదికి చేసిన హెచ్‌పీవీ పరీక్షలో ఏమీ లేదు.

మిర్యాలగూడలో ఉన్న మా అక్కను రమ్మంటున్నాను. "నాకేం నొప్పి లేదు కదనే, ఆదివారం చూద్దాం" అంటుంది. మొన్నటిది నాలుగో ఆదివారం.