ఘాట్ ఎక్కితే ఉడికిపోయే మా కాంటెస్సా

కడప నుంచి రాయచోటికి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో మా కాంటెస్సా కారు ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, రెండో గేరులో మెల్లగా లాగినా సగం దూరం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకేది. పోయిన మే నెలలో నాయన పక్కన ఉండగానే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, మిట్టమధ్యాహ్నం, లారీలు ఆనుకుని పోతాంటే రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా అంత బాధ పడేవాణ్ని కాదు.

ఇది 1990 మోడల్, ఇసుజు 1.8 ఇంజన్. 1984లో హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాను మొదట దించినప్పుడు అందులో అంబాసడర్‌కు వాడే 1.5 లీటర్ ఇంజనే ఉండేది. అంత బరువైన బండికి అదేం సరిపోతుంది? ఇసుజు ఇంజన్ వచ్చాకే ఆ పొడుగాటి ముక్కుకు తగ్గ బలం వచ్చింది. మన దేశపు మజిల్ కార్ అని దీన్ని అభిమానంగా పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. 2002లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఏ పార్టు కావాలన్నా వెతుక్కోవాల్సిందే.

హీటింగ్ కోసం నేను తిరగని షెడ్డు లేదు. ఒకరు వాటర్ పంప్ మార్చారు. ఇంకొకరు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని కవాటం) పీకి అవతల పడేసి, "మన ఎండలకు ఇది పనికిరాదు" అన్నారు. మూడో ఆయన హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగం కింద ఉండే పలుచని సీలు, పోయిందన్నాడు. అది పోతే చాలాసార్లు రేడియేటర్ నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తాయి, మా బండిలో ఒక్క బుడగా లేదు. అక్కడ ఒప్పుకోకపోవడం నేను చేసిన మంచి పని.

చివరికి రేడియేటర్లకు మాట్లు వేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయినా. అందరూ భాయ్ అనే పిలుస్తారు. బండి ముట్టుకోకముందే అడిగాడు: "నిలబెట్టినప్పుడు కాగుతాందా అన్నా, పోతాంటే కాగుతాందా?"

అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. సిగ్నల్ దగ్గర నిలబడితే కాగి, బయట రోడ్డు మీద సర్దుకుంటే లోపం గాలిది: ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు. వేగంగా పోతాంటే కాగితే లోపం నీళ్లది: రేడియేటర్, పంపు, హోసులు. మాది రెండు చోట్లా కాగేది. ఘాట్‌లో ఇంజన్ మీద లోడు నిండుగా ఉంటుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు. అందుకే రెండు లోపాలూ అక్కడే కలిసి బయటపడేవి.

ఏసీలు బాగుచేసే స్నేహితుడి దగ్గర టెంపరేచర్ గన్ తెచ్చి, ఇంజన్ బాగా వేడెక్కాక రేడియేటర్ మీద చోటుచోటా చూసినాం. పైట్యాంకు దగ్గర 98 డిగ్రీలు. కుడివైపు కింది మూల 55. చల్లగా ఉంది కదా అని నేను సంతోషపడితే, భాయ్ తల అడ్డంగా ఊపాడు. వేడినీళ్లు ఆ మూలకు చేరడమే లేదు.

మాట్లు కరిగించి పై ఇత్తడి ట్యాంకు ఎత్తాడు. బల్లపరుపు గొట్టాల నోళ్లు వరసగా కనపడ్డాయి, మూడోవంతు మూసుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో గీరితే ఒక పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది. పైన కోడిగుడ్డు పెంకు మాదిరి తెలుపు, అడుగున తుప్పు రంగు. మా ఇంట్లో నీళ్లు కాచే రాడ్‌కు పట్టే పొర కూడా అచ్చం ఇదే. మాది సున్నపురాయి నేల, బోరునీళ్లలో సున్నం ఎక్కువ. మట్టం తగ్గినప్పుడల్లా ఆ నీళ్లే సీసాతో పోసింది నేనే. సన్నటి బద్దలు దూర్చి చూసినా కొన్ని గొట్టాలు తెరుచుకోలేదు, కొత్త కోర్ (గొట్టాలుండే మధ్యభాగం) వేయించినా.

రేడియేటర్ మూత లోపలి రబ్బరు బీటలు వారి ఉంది. చిన్న వస్తువే కానీ దాని పని పెద్దది. 0.9 బార్ ఒత్తిడి నిలిపితే మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. అది పట్టు వదిలితే 100కే మరిగి బయటికి తన్నేస్తాయి. (వేడి మీద ఆ మూత ఎప్పుడూ తిప్పొద్దు, ముఖం కాలిపోతుంది.)

ఫ్యాన్ తొడుగు ఎప్పుడో బెల్టు మార్చినప్పుడు తీసి మళ్లీ పెట్టలేదు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగకుండా ఇంజన్ దగ్గరి వేడిగాలినే తిప్పుతుంటుంది. రేకుల పని చేసేవాళ్లతో, రెక్కలకు అంగుళం ఎడంగా కొత్తది చేయించినా.

82 డిగ్రీల థర్మోస్టాట్ కొని, వంటింట్లో గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూసినా. 82 దాటాక కవాటం మెల్లగా తెరుచుకుంటుంటే మా ఆవిడ కూడా వచ్చి వంగి చూసింది. పూర్తిగా తెరుచుకున్న థర్మోస్టాట్ నీళ్లకు పెద్దగా అడ్డుపడదు. దాన్ని పీకేస్తే హీటింగ్ తగ్గదు, పొద్దున ఇంజన్ వేడెక్కడం మాత్రం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రేడియేటర్‌లో ఈసారి బోరునీళ్లు కాదు, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోసినాం. ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి, చల్లటి ఇంజన్‌ను మూత తీసే స్టార్ట్ చేసినాం. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుని, లోపలి గాలి బయటికొచ్చి, గుటక వేసినట్టు మట్టం ఒక్కసారి దిగింది. మళ్లీ నింపి మూత బిగించినాం.

పోయిన ఆదివారం నాయనను ఎక్కించుకుని బయలుదేరినా. ఘాట్ మొదట్లో అలవాటు కొద్దీ ఏసీ ఆపేసి, మలుపు మలుపుకూ మీటర్ చూస్తా ఉన్నా. ముల్లు సగం దగ్గరే నిలబడింది. నాయన రెండు మలుపులు ఓర్చుకున్నాడు. తర్వాత తన వైపు అద్దం ఎత్తుకుంటా, "ఏసీ ఎందుకు ఆపినావురా, వేయి" అన్నాడు. వేసినా. పైకెక్కి గువ్వలచెరువులో కోవా అంగడి ముందు ఆపే దాకా అది తిరుగుతూనే ఉంది.