దొర సమాధి మీద ఒక్క అంకె: నాలుగో ప్రయత్నమూ విఫలమే

నాలుగోసారి కూడా ఓడిపోయి వచ్చాను. ఒక పాత ఇంగ్లీషు సమాధి ఫలకం మీద చెక్కిన సంవత్సరంలో మొదటి రెండు అంకెలు 1, 8 అనీ, చివరిది 6 అనీ మార్చిలోనే తేలిపోయింది. మూడో అంకె మాత్రం ఇంతవరకు లొంగలేదు.

గుత్తి నుంచి బళ్ళారి వైపు వెళ్ళే పాత బాటకు దగ్గరలో ఉన్న ఈ ఊరి పేరు కావాలనే రాయడం లేదు. మా సీమలో పాత కట్టడం కనబడితే చాలు, గుప్తనిధుల వేటగాళ్ళు గడ్డపారలతో దిగిపోతారు. ఇక్కడున్న మూడు సమాధుల్లో ఒకదాని అరుగును ఇప్పటికే ఒక మూల తవ్వి వదిలేశారు. నేను చదవాలని చూస్తున్న సమాధిని ఊళ్ళో అందరూ మన్రో దొర సమాధి అంటారు కానీ, అది నిజం కాదు. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. ఆయనను గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఇక్కడ పడుకున్నది దొర కాదు, పదకొండు నెలల పిల్లవాడు. 'ఇన్‌ఫంట్ సన్ ఆఫ్' అన్న పంక్తి, వయసు చెప్పే పంక్తి స్పష్టంగానే ఉన్నాయి. పేరున్న పంక్తి మాత్రం కడప బండ పొరలుగా లేచిపోవడంతో పూర్తిగా పోయింది. పేరు పోయాక మిగిలిన ఆధారం సంవత్సరం ఒక్కటే కనుక, ఈ అంకె కోసం ఇంత పట్టుదల.

రెండో సమాధి ఫలకాన్ని పూర్తిగా చదివేశాను. చుట్టూ ఉన్న కంప కొట్టించాను. అరుగు మూలకు వేసిన గానుగ సున్నం ఒక వాన తిని కూడా పగుళ్ళివ్వలేదు.

ఇక అసలు కథ. ఫలకం ఎత్తు 92, వెడల్పు 61 సెంటీమీటర్లు. నిలువుగా, ఉత్తరానికి తిరిగి, గారతో చేసిన గూడులో 22 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. అక్షరాల ఎత్తు 28 మిల్లీమీటర్లు. ఏటేటా ఎవరో భక్తిగా సున్నం కొడుతుండడంతో, ఒక పెచ్చు ఊడినచోట కొలిస్తే పూత మందం 1.1 మిల్లీమీటర్లుంది. ఆ పూతల కింద మిగిలిన గాడి లోతు, వెర్నియర్ కాలిపర్ వెనుక ఉండే లోతు కొలిచే పుల్లతో చూస్తే, 0.4 మిల్లీమీటర్లకు మించలేదు.

ఇంత తక్కువ లోతు గాడి నీడ వేసి కనబడాలంటే వెలుతురు ఏటవాలుగా పడాలి. ఉత్తరపు గోడకు మధ్యాహ్నపు ఎండ తగలాలంటే సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్ళాలి. గుత్తి ప్రాంతంలో అది సుమారు మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకానే జరుగుతుంది. జూన్ 22న ఎండ ఫలకం మీద దాదాపు 8 డిగ్రీల ఏటవాలుగా దిగింది; ఆ రోజు తీసిన ఫొటోలోనే మూడో అంకె పై భాగంలో 14 మిల్లీమీటర్ల అడ్డగీత ఒకటి మొదటిసారి కనబడింది. వెలుతురు ఎంత ఏటవాలుగా పడితే అంత మంచిదన్న నమ్మకంతో, జూలై 27న సరిగ్గా 12 గంటల 26 నిమిషాలకు, 4 డిగ్రీల ఎండలో మళ్ళీ తీశాను. అదే నా తెలివితక్కువతనం. గూడు పై అంచు నీడే 31 సెంటీమీటర్లు కిందికి పడింది. సంవత్సరం పైనుంచి 54 సెంటీమీటర్ల దగ్గర ఉంది కనుక బతికిపోయాను. కానీ ఆ కోణంలో 0.2 మిల్లీమీటర్ల సున్నపు గింజ కూడా దాదాపు 3 మిల్లీమీటర్ల నీడ వేస్తుంది. ఫలకమంతా మశూచి ముఖంలా కనబడి, జూన్‌లో దొరికిన గీత కూడా అందులో కలిసిపోయింది.

పైనుంచి వచ్చే వెలుతురు అడ్డగీతలనే చూపుతుంది, నిలువు గీతలను మింగేస్తుంది. కనుక ఆగస్టు 2 రాత్రి పక్క నుంచి ఫ్లాష్ వేయాలని వెళ్ళాను. రాత్రిపూట సమాధి దగ్గర లైట్లు వెలిగిస్తే సీమలో ఏమనుకుంటారో ముందే ఆలోచించాల్సింది. పదో ఫొటో తీసేలోగా తలారి, ఆయన వెనుక ఏడెనిమిది మంది వచ్చి నిలబడ్డారు. "ఏం సార్, ఎంత దొరికింది?" అని ఆయన అడిగిన తీరుకు నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. కెమెరా తెరమీద 8, 6 చూపించాక నమ్మారు. చివరికి ట్రైపాడ్ కాలు గాలికి కదలకుండా పట్టుకున్నది కూడా ఆయనే.

వెలుతురు ఏ దిక్కు నుంచి పడిందో వాటి మీది మెరుపే చెబుతుంది కనుక ఫలకం పక్కన నల్ల స్నూకర్ బంతులు రెండు పెట్టి, 70 సెంటీమీటర్ల దారంతో ఫ్లాష్ దూరం కొలుస్తూ, ఒక్కోసారి ఒక్కో దిక్కు నుంచి వెలుతురు వేసి 48 ఫొటోలు తీశాను. గాలికి 11 పాడయ్యాయి. గోడాక్స్ ఫ్లాష్ గురించి ఫిర్యాదేమీ లేదు. ఆ ధరకు అంతకంటే నమ్మకమైనది నాకు తెలియదు. ఆ ఫొటోలన్నిటినీ కలిపి లెక్క కట్టడానికి వాడిన రిలైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, నాకు నచ్చింది కూడా. చిక్కంతా సున్నం దగ్గరే వచ్చింది. కుంచెను పైనుంచి కిందికి లాగి సున్నం కొట్టారు కనుక, పక్క వెలుతురులో కుంచె చారలన్నీ నిలువుగా లేచి నిలబడ్డాయి. వాటి మధ్య అంకె కాలు ఏదో, చార ఏదో చెప్పలేను. కుడి వైపు నుంచి ప్రయత్నిస్తే ఇంకో తంటా: సంవత్సరం గూడు కుడి అంచుకు 12 సెంటీమీటర్లే దూరం, 10 డిగ్రీల లోపు వెలుతురంతా ఆ అంచుకే ఆగిపోయింది.

అయినా కొలతలు కొంత చెబుతున్నాయి. 8 కుడి అంచు నుంచి 6 ఎడమ అంచుకు 27 మిల్లీమీటర్లు. అంకెల మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లు. రెండు వైపులా ఖాళీ తీసేస్తే మధ్య అంకెకు 17 మిగులుతుంది. ఫలకం మీది 1 వెడల్పు 7 మిల్లీమీటర్లే, కనుక 1816 కాదు. 4 అయితే అడ్డగీత కింది భాగంలో ఉండాలి; సరిగ్గా అక్కడే పెచ్చు ఊడిపోయింది, కానీ 4కు పైన అడ్డగీత ఉండదు. కుంచె నిలువుగా నడిచింది కాబట్టి జూన్‌లో కనబడిన అడ్డగీత కుంచెది కాదనే నా ఊహ. అది వంపు లేకుండా తిన్నగా ఉంది కనుక 2, 3తో పాటు పైన వంపు ఉండే 0, 6, 8, 9 కూడా పోతాయి. మిగిలింది 5 లేదా 7. 5కు ఉండాల్సిన కింది వంపు కనబడడం లేదు; కానీ సున్నం కారి పేరుకున్నది కూడా అక్కడే. నన్ను అడిగితే 7 అంటాను, పందెం మాత్రం కాయను.

ఈ తేడా చిన్నది కాదు. 1856 అయితే కంపెనీ పాలనలో ఎడ్లబండి ప్రయాణంలో పోయిన బిడ్డ. 1876 అయితే మద్రాసు–రాయచూరు రైలుమార్గం పూర్తయి ఐదేళ్ళు, పెద్ద కరువు మొదలైన ఏడు.

సుద్దపొడి రుద్దమని, పిండి చల్లమని సలహాలు వస్తూనే ఉన్నాయి. సుద్ద గాడిని అరగదీస్తుంది, పిండి బూజు తెస్తుంది. రెండూ నా దగ్గర నిషేధం. శాసనాలకు తీసినట్టు తడి కాగితంతో అచ్చు తీస్తే సున్నంతోపాటు బండ పొర కూడా లేస్తుందేమోనని భయం. వెదురు పుల్లతో ఒక్క చదరపు సెంటీమీటరు సున్నం గీకి చూడాలని మనసు లాగుతోంది కానీ, ఈ స్థలం మీద హక్కు ఎవరిదో తేలేదాకా పుల్ల కూడా తాకించను. సున్నం కొట్టేవారెవరో కనుక్కొని, ఈ ఒక్క ఫలకాన్ని వదిలేయమని అడగాలి.

ఈలోగా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ ఖనన రిజిస్టర్ల ప్రతులున్నాయి కనుక, 1856, 1876 రెండేళ్ళలోనూ గుత్తి, బళ్ళారి పేర్లతో నమోదైన పసిపిల్లలను వెతికించాలి. అంకె చేతికి రాకముందే పేరు వచ్చినా రావచ్చు. ఎండ కోసమైతే వచ్చే జూన్ దాకా ఆగాలి; ఈసారి కోణం 8 డిగ్రీల కంటే తగ్గనివ్వను, పైనుంచి ఎండ, ఎడమ నుంచి అద్దంతో మళ్ళించిన వెలుతురు ఒకే ఫొటోలో కలిపి చూస్తాను. అద్దం పట్టుకోవడానికి తలారి ఇప్పటికే ఒప్పుకున్నాడు.